శివరాత్రి నుంచి మృగశిర దాకా: విశాఖలో వలస పక్షుల్ని సాగనంపడం ఎలా

మా డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన ప్రతి చలికాలం వాగ్‌టెయిల్ అనే పిట్ట ఒకటి తిరిగేది. తెల్లటి మొహం, బూడిదరంగు వీపు, క్షణం ఆగకుండా కిందికీ పైకీ ఊగే తోక. అది దిగిన తేదీ నాలుగేళ్ల పాటు నా డైరీలో ఉంది. వెళ్లిపోయిన తేదీ మాత్రం ఒక్క ఏడాదీ లేదు. వచ్చినప్పుడు కొత్తగా కనబడుతుంది కాబట్టి రాసుకున్నాను. వెళ్లేటప్పుడు అది చెప్పి వెళ్లదు కదా. ఓ రోజు బట్టలు ఆరేస్తూ, "ఈ మధ్య ఆ పిట్ట కనబడటం లేదే" అనుకునేసరికి రెండు వారాలు గడిచిపోయి ఉంటాయి.

విశాఖలో వసంతకాలపు పక్షి పరిశీలనలో అసలు చిక్కు ఇదే. సైబీరియాలోనో లడఖ్‌లోనో వసంతమంటే పక్షులు వచ్చే కాలం. మనకి అవి బయల్దేరే కాలం. చలికాలం మన చెరువుల్లో, తీరంలో, తోటల్లో తలదాచుకున్న పక్షులు, ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వెళ్లినట్టు, గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుకోవడానికి ఉత్తరానికి పోతాయి. ఆర్కిటిక్ తీరం నుంచి హిందూ మహాసముద్రం దాకా 30 దేశాల మీదుగా సాగే మధ్య ఆసియా వలస దారిలో మన దేశం నడిమధ్యన ఉంది. మన ఊరు ఆ దారిలో ఒక మజిలీ.

వెళ్లిపోయే పక్షికి ఈ రోజే ఆఖరి రోజు అని ఆ రోజున ఎవరికీ తెలియదు. వచ్చే వారం అది లేనప్పుడే, పోయిన వారం చూసిందే ఆఖరని తెలుస్తుంది. కాబట్టి చేయాల్సిన పని ఒక్కటే: ఒకే చోటికి, వారానికోసారి, శివరాత్రి నుంచి మృగశిర కార్తె దాకా వెళ్లి, కనబడినదీ కనబడనిదీ రాసుకోవాలి. పదిహేను వారాలు, అటూ ఇటూగా. ఎలాగో వివరంగా చెబుతాను.

ఒక చోటు ఎంచుకోండి, దాన్ని వదలకండి

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ వారం కొండకర్ల, వచ్చే వారం అరకు, సెలవులొస్తే చిలికా అని ప్లాన్ వేసుకుంటారు. సరదాగానే ఉంటుంది, లిస్టు కూడా పెరుగుతుంది. కానీ మార్పు తెలియదు. చిలికాలో ఈ రోజు బాతులు లేవంటే అవి వెళ్లిపోయినట్టా, అసలు మీరు చూసే వైపుకి రానట్టా? అదే చెరువుని వరసగా ఆరు వారాలు చూసినవాళ్లకి ఆ అనుమానం రాదు.

మీ ఇంటి నుంచి అరగంటలో చేరుకోగలిగే చోటు తీసుకోండి. దూరం ఎక్కువైతే మూడో వారానికే మానేస్తాం, ఇది అనుభవం మీద చెబుతున్న మాట. విశాఖలో ఉన్నవాళ్లకి ఈ కింది చోట్లు బాగుంటాయి.

ముడసర్లోవ రిజర్వాయరు ఆరిలోవ దగ్గర. కొత్తవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. గట్టు మీద నిలబడితే నీళ్లు, బురద, పొదలు, వెనక కొండ, నాలుగూ ఒక్క చోటే దొరుకుతాయి. నీళ్ల మీద తేలే సోలార్ పలకల అంచుల్ని కూడా ఒకసారి జల్లెడ పట్టండి, పక్షి వాలడానికి అనువైన చోటది. ఎండలు ముదిరే కొద్దీ నీళ్లు వెనక్కి తగ్గి బురద బయటపడుతుంది. ఉల్లంకులు, అంటే శాండ్‌పైపర్ పిట్టలు, ఆ బురద అంచునే తిరుగుతాయి.

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటు తీరపు పక్షులకి మంచిది. ఇసుక మేటలు, లోతు లేని నీళ్లు, అక్కడక్కడా మత్స్యకారుల పడవలు. దీని గురించి ముందుముందు ఇంకా చెబుతాను, ఎందుకంటే చైత్రమాసంలో విశాఖ చుట్టుపక్కల ఇంతకంటే అందమైన చోటు నాకు తెలియదు.

కంబాలకొండ 1970 నుంచి అటవీశాఖ చేతిలో ఉన్న అడవి, ఇప్పుడు అభయారణ్యం, సుమారు 71 చదరపు కిలోమీటర్లు. జాతీయ రహదారి పక్కనే ఇంత అడవి ఉండటం మన అదృష్టం. చిన్న పిట్టలు, అడవి పిట్టలు, దారిన పోయే పిట్టలు ఇక్కడ. చిరుతపులులు తిరిగే అడవి కాబట్టి ఒంటరిగా వెళ్లకండి, బాట దిగకండి, గేటు తెరిచే వేళ ముందు రోజే కనుక్కోండి.

మేఘాద్రి గెడ్డ రిజర్వాయరు చాలా పెద్దది, పక్షులు దూరంగా ఉంటాయి. బైనాక్యులర్ అలవాటయ్యాక వెళ్లండి. అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవ, కొల్లేరు తర్వాత మన రాష్ట్రంలో పెద్ద మంచినీటి సరస్సు. తాటి దోనెల మీద కలువల మధ్య నుంచి తీసుకెళతారు. ఆకుల మీద నడిచే జకానాలు, ఊదారంగు నీటికోళ్లు, ఈల వేసే బాతులు అక్కడ ఏడాది పొడుగునా ఉంటాయి. ప్రతి వారం వెళ్లడం కష్టమనుకుంటే ఈ కాలంలో రెండుసార్లు, ఫాల్గుణంలో ఒకటి, వైశాఖంలో ఒకటి వెళ్లి తేడా చూడండి.

ఇవేవీ కుదరకపోతే మీ డాబా చాలు. నిజంగానే చాలు. ఎంవీపీ కాలనీ పార్కు చెట్లయినా, ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో మార్నింగ్ వాక్ దారయినా సరే. నా డైరీలో అన్నిటికంటే ఎక్కువ పేజీలు డాబావే.

సామాను గురించి కొద్దిగా

బైనాక్యులర్ మీద 8x42 అని ఉంటే, ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు అని అర్థం. 8x40, 8x42 దేనికైనా సరిపోతాయి. పది రెట్లవి కొంటే ఇంకా బాగా కనబడుతుందని ఆశపడతాం గానీ, చెయ్యి వణుకు కూడా పది రెట్లు అవుతుంది. తెల్లవారుజామున మసక వెలుతురులో ముందు అద్దం వెడల్పుగా ఉంటే చూపు స్పష్టంగా ఉంటుంది. కొనే ముందు ఎవరిదైనా అడిగి రెండు రోజులు వాడి చూడండి.

కెమెరా తర్వాత. మొదటి ఏడాది కెమెరా లేకుండా చూస్తే కన్ను పదునెక్కుతుంది. చిన్న నోటుబుక్కు, పెన్సిలు, టోపీ, నీళ్లు, మట్టిరంగు చొక్కా, అంతే. పెన్సిలే ఎందుకంటే మన ఉక్కపోతకి చెమట పడి పెన్ను రాత చెదిరిపోతుంది.

ఎప్పుడు వెళ్లాలి

విశాఖలో ఏప్రిల్ మధ్యకి ఉదయం అయిదూ నలభైకే పొద్దు పొడుస్తుంది. మే నెలలో ఇంకా ముందే. పొద్దు పొడిచే వేళకి మీరు చోటులో ఉండాలి. ఎనిమిదిన్నర దాటితే ఎండా ఉక్కా మనల్నీ నిలవనివ్వవు, పక్షులూ నీడలోకి పోతాయి. సాయంత్రం అయిదు తర్వాత మళ్లీ కాస్త సందడి ఉంటుంది.

తీరానికి వెళ్లేవాళ్లు గడియారంతో పాటు ఆటుపోట్లు కూడా చూసుకోవాలి. పూర్తి ఆటు మీద వెళితే పక్షులు తడి ఇసుక మీద చెల్లాచెదురుగా తిరుగుతుంటాయి, చుక్కల్లా కనబడతాయి. పోటు ఎక్కుతున్నప్పుడు వెళ్లండి. నీళ్లు పైకి వచ్చే కొద్దీ తిండి తినే చోటు కుంచించుకుపోయి, పక్షులన్నీ మిగిలిన మేట మీద గుంపుగా చేరతాయి. మీరు కదలకుండా కూర్చుంటే అవే మీ వైపు జరుగుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పెద్దది. వేళ తెలియకపోతే రేవులో వల సర్దుకుంటున్న ఎవరినైనా, "బాబాయ్, ఈ రోజు పోటు ఎప్పుడు?" అని అడగండి. ఫోన్లో చూసినదానికంటే ఆ జవాబు మీద నాకు నమ్మకం ఎక్కువ.

పక్షిని చూడగానే ఏం చేయాలి

పేరు వెతకకండి. ముందు పరిమాణం చూడండి. మనకి తెలిసిన నాలుగు పక్షుల్ని కొలబద్దగా పెట్టుకోండి: పిచ్చుక, గోరింక, కాకి, గద్ద. చూసినది పిచ్చుక అంతా? గోరింకకంటే చిన్నదా? తర్వాత అది ఏం చేస్తోందో చూడండి. నేల మీద పరిగెడుతోందా, తీగ మీద కూర్చుని ఎగిరి పురుగుని పట్టి మళ్లీ అక్కడికే వస్తోందా, ఆకుల చాటున దాక్కుంటోందా. ముక్కు ఎలా ఉంది, కంటి మీద గీత ఉందా, ఎగిరినప్పుడు తోకలో తెలుపు కనబడిందా. ఇవన్నీ రాసుకున్నాక పుస్తకమో మెర్లిన్ యాపో తెరవండి. ముందే తెరిస్తే, పుస్తకంలో ఉన్నదే పక్షిలో కనబడటం మొదలవుతుంది.

మెర్లిన్ కూతని బట్టి పేరు చెబుతుంది. బాగా పనికొస్తుంది, కానీ అది చెప్పిందని రాసేయకండి. మీ కంటితోనో చెవితోనో నిర్ధారించుకున్నదే రాయండి.

వలస పక్షిని, అదే పోలికతో ఏడాదంతా ఇక్కడే ఉండే పక్షిని కలిపేయడం మొదట్లో అందరికీ జరుగుతుంది. వెళ్లిపోయే తేదీలు రాస్తున్నాం కాబట్టి ఆ తేడా ఇక్కడ చాలా ముఖ్యం. కొన్ని చెబుతాను.

నలుపు తెలుపు వాగ్‌టెయిల్స్‌లో రెండు రకాలున్నాయి. మొహం తెల్లగా ఉంటే అది వలస వచ్చింది. తలంతా నల్లగా ఉండి కంటి మీద మాత్రం తెల్లటి కనుబొమ లాంటి గీత ఉంటే అది మన ఊరిదే, ఎక్కడికీ పోదు. కరెంటు తీగల మీద బారులు తీరే వానకోవెలల్లో (ఇంగ్లీషులో స్వాలోలు) ఎర్రటి గొంతు, వీపంతా మెరిసే నీలం ఉన్నది చలికాలపు అతిథి. నడుము దగ్గర ఎరుపు ఉన్నది మనతోనే ఉంటుంది.

ఇక కోయిల. వసంతం రాగానే కోయిల వస్తుందని చిన్నప్పటి నుంచి విన్నాం. కోయిల ఎక్కడి నుంచీ రాదు, ఏడాదంతా మన చెట్ల మీదే ఉంటుంది. చలికాలంలో నోరు మెదపదు కాబట్టి మనకి తెలియదు. మామిడి పూత నాటికి నల్లటి మగపక్షి కూయడం మొదలుపెడుతుంది. చుక్కల చుక్కల గోధుమరంగు ఆడపక్షిని చాలామంది కోయిలే అనుకోరు. కాకి గూటి చుట్టుపక్కల దాన్ని వెతకండి, ఎందుకు తిరుగుతోందో మీకు తెలుసు.

వారం వారం ఏం చూడాలి

శివరాత్రి నుంచి ఉగాది దాకా ముందు నీళ్ల మీద కన్నేయండి. బాతులు త్వరగా బయల్దేరతాయి. తోక సూదిలా సాగిన పిన్‌టెయిల్స్, గరిట లాంటి ముక్కున్న షవలర్లు, కంటి మీద తెల్లటి వంపు గీత ఉన్న గార్గనీ మగబాతులు ఈ వారం ఎన్ని, వచ్చే వారం ఎన్ని అని లెక్కపెట్టండి. అంకె తగ్గడమే కబురు. ఈల బాతులు మాత్రం మనవే, వాటిని ఈ లెక్కలో కలపకండి.

అదే సమయంలో ఊళ్లో బూరుగ, మోదుగ పూసి ఉంటాయి. ఆ చెట్ల కింద పది నిమిషాలు నిలబడండి. గులాబీ గోరింకలు మందలుగా దిగుతాయి: ఒళ్లు లేత గులాబీ, తల, రెక్కలు, తోక నలుపు. ఇవి మన దేశానికి జూలై ఆగస్టుల్లోనే వచ్చేసి ఏప్రిల్ దాకా ఉంటాయి. గూళ్లు కట్టుకోవడం మాత్రం మధ్య ఆసియాలో, మే జూన్ నెలల్లో. అంటే సంవత్సరంలో ఎక్కువ రోజులు ఉండేది మన దగ్గరే. అయినా వాటిని విదేశీ పక్షులనే అంటాం. ఏది స్వదేశమో తేల్చాల్సింది వాటినే అడిగి. వెళ్లే ముందు రంగు తేరి మెరుస్తాయి, మందలు పెద్దవవుతాయి, సాయంత్రం పూట ఆకాశంలో ఒక్క మేఘంలా ఇటు తిరిగి అటు తిరుగుతాయి. ఆ మేఘం పెద్దదవుతోందంటే ప్రయాణం దగ్గరపడిందని అర్థం.

చైత్రంలో భీమిలి వెళ్లండి. ఎందుకంటే, చలికాలమంతా బూడిద, గోధుమ రంగుల్లో ఒకే తీరుగా కనబడి మనల్ని విసిగించిన తీరపు పక్షులు ఇప్పుడు పెళ్లిబట్టలు కట్టుకుంటాయి. ఇసుకరంగులో కలిసిపోయిన శాండ్ ప్లవర్‌కి రొమ్ము మీద ఇటుకరంగు పట్టీ వస్తుంది. గోల్డెన్ ప్లవర్ వీపు మీద బంగారు చుక్కలు, పొట్ట అంతా మసిబొగ్గు నలుపు. వంకర ముక్కు కర్ల్యూ శాండ్‌పైపర్ మొత్తం ఎర్రబడుతుంది. విస్కర్డ్ టెర్న్ పొట్ట ముదురు బూడిదరంగుకి తిరుగుతుంది. రేవులో చేపల కోసం ఎగబడే బ్రౌన్‌హెడెడ్ గల్స్‌కి అప్పటిదాకా తెల్లగా ఉన్న తల మీద కాఫీరంగు టోపీ దిగుతుంది. ఒకే మేట మీద సగం రంగు మారినవి, ఇంకా మారనివి, పూర్తిగా మారినవి కలిసి నిలబడతాయి. ఆ గల్ లడఖ్, టిబెట్ పీఠభూముల సరస్సుల దగ్గరికి పోతుంది. ఆ గోల్డెన్ ప్లవర్ సైబీరియా టుండ్రాకి. పక్కపక్కనే నిలబడి, ముక్కులు గాలి వైపు తిప్పి, ఒకే కునుకు తీస్తుంటాయి. మొదటిసారి చూసిన రోజు నేను రెండు గంటలు లేవలేదు.

ఇలా రంగు మారే పక్షులకి పేరు పక్కన "మారలేదు, సగం, పూర్తి" అని ఒక గుర్తు పెట్టండి. తేదీ కంటే ముందే ప్రయాణం కబురు అది చెబుతుంది.

వైశాఖం వచ్చేసరికి డాబా మీద, తోటల్లో చిన్నవి మిగిలి ఉంటాయి. గ్రీనిష్ వార్బ్లర్ అనే ఆకుపచ్చ పిట్ట పిచ్చుక కంటే చిన్నది, కనబడదు. చెట్టు పై కొమ్మల్లోంచి రెండు ముక్కలుగా తెగిన సన్నటి పిలుపు వినబడుతుంది. చలికాలమంతా తన చెట్లని తను కాపలా కాసుకుంటుంది కాబట్టి అదే మూల నుంచి ప్రతి రోజూ వినబడుతుంది. ఆ మూల ఒక ఉదయం నిశ్శబ్దంగా ఉంటే రాసుకోండి. పొదల్లోంచి "చక్ చక్" మనే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ కూడా అంతే. కంచె మీద నల్లటి ముసుగు వేసుకున్నట్టు కూర్చునే బ్రౌన్ ష్రైక్ కూడా ఆలస్యంగా కదిలేవాళ్లలో ఒకటి.

ఈ నెలలో మన పక్షుల్ని కూడా చూడండి. ఏడాదంతా బురదరంగులో మునిగి ఉండే గుడ్డికొంగ వీపు మీద ముదురు ఎరుపు శాలువా కప్పుకుంటుంది. పశువుల వెంట తిరిగే తెల్లకొంగ తల నారింజరంగుకి తిరుగుతుంది. వాటిని చూసి కొత్త పక్షి వచ్చిందని ఫోన్లు చేసేవాళ్లు ఉంటారు. తప్పేం లేదు, అంతగా మారిపోతాయి.

పిట్ట కోసం ఒక వారం కేటాయించండి

ఏప్రిల్ చివరి నుంచి ఒక పక్షి కోసం ప్రత్యేకంగా చెవి పెట్టాలి. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఇండియన్ పిట్టా అంటారు. ఆ మాట మనదే. తెలుగులో ఏ చిన్న పక్షినైనా పిట్ట అంటాం కదా, అదే. 1713లో జేమ్స్ పెటివర్ అనే ఇంగ్లీషు ప్రకృతి పరిశోధకుడు దీన్ని అచ్చులో వర్ణిస్తూ "పొన్నుంకి పిట్ట" అని రాశాడు. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త వియ్యో ఈ జాతుల గుంపు మొత్తానికి "పిట్టా" అనే పేరు ఖాయం చేశాడు. అలా ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఈ కుటుంబం మొత్తం తెలుగు మాటతోనే పిలవబడుతోంది. ఆ మాట పుట్టిన నేల మీద ఉండి మనలో చాలామందిమి ఈ పక్షిని చూడలేదు.

గోరింక కంటే కాస్త చిన్నది, గుండ్రంగా, తోక ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. వీపు ఆకుపచ్చ, రెక్కల మీద మెరిసే నీలం, కంటి మీదుగా నల్లటి పట్టీ, గొంతు తెలుపు, రొమ్ము పసుపు గోధుమ, తోక కింద నెత్తురు ఎరుపు. ఇన్ని రంగులుండీ కనబడదు, ఎందుకంటే నేల మీద, నీడలో, ఎండుటాకులు తిరగేసుకుంటూ బతుకుతుంది. చలికాలం దక్షిణాన, శ్రీలంకలో గడిపి, వేసవిలో మధ్య భారతానికీ హిమాలయాల దిగువకీ పోతుంది. రాత్రుళ్లు ఎగురుతుంది.

తెల్లవారుతుండగా, మళ్లీ పొద్దు గుంకే వేళ రెండు ముక్కల స్పష్టమైన ఈల వేస్తుంది. ఈ వేళాపాళా చూసే తమిళులు దీనికి ఆరు గంటల పిట్ట అని పేరు పెట్టారు. కంబాలకొండ అంచున చీకటి విడుతుండగా కూర్చుని, ఈల వినబడిన వైపు నేల మీద చూడండి, కొమ్మల్లో కాదు.

ఈ పక్షి మీ ఇంటికే వచ్చే అవకాశం కూడా ఉంది. మూడేళ్ల కిందట మే నెలలో సీతమ్మధారలో తెలిసినవాళ్ల అపార్ట్‌మెంట్ మెట్ల కింద ఒకటి పడి ఉంది. రాత్రి దీపాల వెలుగుకి దారి తప్పిందో, అద్దానికి గుద్దుకుందో. ఎవరి పెంపుడు చిలకో అనుకుని పిల్లలు దాని నోట్లో నీళ్లు పోయబోతున్నారు. నేను వెళ్లేసరికి వాచ్‌మన్ అడ్డంగా నిలబడి ఆపాడు. ఆయన ఆపకపోతే అది బతికేది కాదు.

అలాంటి పక్షి దొరికితే ఇలా చేయండి. మెత్తటి గుడ్డ కప్పి ఎత్తి, గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచి మూత వేయండి. నోట్లో నీళ్లు పోయకండి, అన్నం పెట్టకండి, మాటిమాటికీ మూత తీసి చూడకండి, ఫోటోలు వద్దు. చీకటి, నిశ్శబ్దం, చల్లటి గది, ఈ మూడే మందు. రెండు గంటలాగి, సాయంత్రం పూట చెట్లున్న చోట పెట్టె నేల మీద పెట్టి మూత తీసి దూరంగా జరగండి. చాలాసార్లు దానంతట అదే పోతుంది. రెక్క వేలాడుతున్నా, నిలబడలేకపోతున్నా వెంటనే అటవీశాఖ వారికి అప్పగించండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని ఇంట్లో ఉంచుకోకూడదు, ప్రేమతోనైనా సరే. సీతమ్మధార పిట్ట ఆ సాయంత్రం ఆరుంపావుకి పెట్టె అంచు మీదికి ఎక్కి, ఒక్క నిమిషం చూసి, గోడ దాటి వెళ్లిపోయింది.

రాయడం

నోటుబుక్కులో రెండు పేజీలు కలిపి ఒక పట్టిక గీయండి. నిలువునా పక్షుల పేర్లు, అడ్డంగా వారాలు. కనబడితే ఎన్నో అంకె వేయండి. ఇక్కడే ఒక నియమం ఉంది, దీన్ని తప్పకండి. మీరు వెళ్లి, వెతికి, కనబడకపోతే సున్న వేయండి. మీరు అసలు వెళ్లని వారం గడిని ఖాళీగా వదలండి. సున్నకీ ఖాళీకీ ఉన్న తేడా మీదే ఈ పదిహేను వారాల కష్టం నిలబడి ఉంది. రెండు వారాలు వరసగా సున్న వస్తే, దానికి ముందున్న అంకె చుట్టూ ఒక గుండ్రం చుట్టండి. అది ఆ పక్షి ఆఖరి చూపు.

లెక్క సరిగ్గా తెలియకపోతే "చాలా" అని రాయకండి. పది పది చొప్పున గుంపుల్ని విడగొట్టి అంచనా వేయండి. అంచనా తప్పినా పర్వాలేదు, ప్రతి వారం ఒకే తీరులో తప్పితే చాలు.

ఇంటికొచ్చాక అదే జాబితాని, ఎవరైనా పక్షుల లెక్కలు నమోదు చేయగలిగే ఈబర్డ్‌లో పెట్టండి. ఉచితం. ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు అని అడుగుతుంది, నిజం రాయండి. గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని చివర్లో అడుగుతుంది. కాకి, పావురం, గోరింకతో సహా రాసి ఉంటేనే అవును అనండి. అరుదైనవి మాత్రమే రాసి కాకిని వదిలేసే అలవాటు చాలామందికి ఉంది. అప్పుడు రేపు కాకులు తగ్గినా ఎవరికీ తెలియదు. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతుల్ని పరిశీలించింది. దాని వెనక ఉన్నది 30,000 మందికి పైగా మామూలు మనుషులు ఈబర్డ్‌లో రాసిన 3 కోట్ల నమోదులు. మీ ముడసర్లోవ గట్టు మీది సున్న కూడా అలాంటి లెక్కలోకే పోతుంది. మే రెండో శనివారం ప్రపంచమంతా ఒకే రోజు పక్షుల్ని లెక్కపెట్టే గ్లోబల్ బిగ్ డే ఉంటుంది, ఆ రోజు మీ వారపు వంతు వేసుకోండి.

వాటికి అడ్డు పడకుండా

ఎగరబోయే ముందు ఈ పక్షులు ఒంట్లో కొవ్వు నింపుకుంటాయి. అదే వాటి దారిబత్తెం. మేట మీద గుంపుగా కునుకు తీస్తున్న పక్షుల మధ్య నుంచి మనం నడిస్తే అవి లేచి, రెండు చుట్లు తిరిగి, మళ్లీ దిగుతాయి. చూడటానికి బాగుంటుంది, వీడియోకి ఇంకా బాగుంటుంది. కానీ వాటి దారిబత్తెంలో ఒక పూట తిండి పోయినట్టే. ఓ ఆదివారం ఒక గుంపు ఫోటోల కోసం అరగంటలో ఏడుసార్లు అలా లేపడం చూశాను. వద్దని చెప్పడానికి నాకు ఎనిమిదోసారి దాకా నోరు రాలేదు. మీరు మొదటిసారే చెప్పండి. పక్షులన్నీ తల ఎత్తి మీ వైపు చూస్తున్నాయంటే అప్పటికే దగ్గరికొచ్చేశారు, నాలుగడుగులు వెనక్కి వేయండి.

ఫోన్లో కూత వినిపించి పిట్టని బయటికి రప్పించకండి. గూళ్ల ఫోటోలు తీయకండి, ఎక్కడున్నాయో ఎవరికీ చెప్పకండి. డాబా మీద మట్టి మూకుడులో రెండు వేళ్ల లోతు నీళ్లు నీడలో పెట్టి, దోమలు చేరకుండా రోజూ మార్చండి. రాత్రి అక్కర్లేని డాబా లైటు ఆపేయండి, పైన ఎవరు పోతున్నారో మనకి కనబడదు.

చివరి రెండు గళ్లు

మే ఆఖర్న రోహిణి కార్తె ఎండలకి పట్టికంతా సున్నలతో నిండి, ఇక చూసేదేం లేదనిపిస్తుంది. మానకండి. మృగశిర దగ్గరపడే రోజుల్లో, తొలకరికి కాస్త అటూ ఇటూగా, చాతక పక్షి కోసం వెతకాలి. నలుపు తెలుపు ఒళ్లు, నెత్తి మీద నిక్కిన జుట్టు. మైనా కంటే పొడవు, తోకతో కలిపి. ఆఫ్రికా నుంచి నైరుతి గాలులతో పాటు వస్తుంది. కంబాలకొండ కింది పొదల్లో, ఊరి చివరి తోటల్లో, తీగల మీద దాన్ని వెతకండి. ఇంతకాలం ఆఖరి తేదీలు రాసిన పట్టికలో ఇదొక్కటే మొదటి తేదీ. అదే రోజుల్లో శ్రీకాకుళం జిల్లా తేలుకుంచిలో చింతచెట్ల మీదికి నత్తగుల్ల కొంగలు చేరుతుంటాయి, అటు చుట్టాలుంటే ఒకసారి చూసి రండి.

తర్వాత పట్టిక పక్కన ఇంకో నిలువు గడి గీసి, "తిరిగొచ్చిన తేదీ" అని రాసి ఖాళీగా ఉంచండి. దాన్ని నింపడానికి చాలా రోజులు పట్టదు. ఆగస్టులో, ఇంకా వానలు పడుతుండగానే, ముడసర్లోవ బురద అంచున ఒక ఉల్లంకి తోక ఆడిస్తూ దిగుతుంది. పెన్సిలు వెంట తీసుకెళ్లండి.